మార్చి వచ్చిందంటే కెమెరా బీరువాలోకే

మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అంతా వేయడానికి చోటు లేదు కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో ఇస్తున్నాను.

ఆవిడ వయసు 46. బ్యాంకు ఉద్యోగం. అబ్బాయి చదువు కోసం వేరే ఊరు వెళ్లాక ఇల్లు బోసిపోయి, మూడేళ్ల క్రితం కెమెరా కొన్నారు. మరుసటి ఏడాది బోనస్ డబ్బుతో దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాగే పెద్ద జూమ్ లెన్స్, 150-600 మిల్లీమీటర్లది, తీసుకున్నారు. మొదటి ఏడాది కనిపించినదల్లా తీశారు. గోడ మీది తొండ, బాల్కనీలో చీమలు, వాన పడ్డ కరివేపాకు కొమ్మ. తర్వాత పక్షుల ఫోటోలు తీసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరారు. వాళ్లతో కలిసి అమీన్‌పూర్ చెరువుకి, గండిపేటకి వెళ్లడం మొదలైంది. వలస పక్షులు ఉండే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పండగే. మార్చి రాగానే గ్రూపు అడ్మిన్ "ఇక ఆఫ్ సీజన్" అంటారట. ఏడాది పైగా ఈవిడకి కూడా ఏమీ తోచడం లేదు. వేసవిలో తీసినవి అన్నీ మసకగా వస్తున్నాయి. లెన్స్ పాడైందేమోనని సర్వీసుకి ఇస్తే బాగానే ఉందన్నారు. పోయిన చలికాలంలో కూడా నాలుగుసార్లకు మించి బయటికి వెళ్లలేదు. "వాడనప్పుడు అమ్మేయొచ్చుగా" అంటున్నారు భర్త. అత్తగారు "ఎండలో పిట్టల వెంట ఏంటమ్మా ఈ తిరుగుడు" అని నవ్వుతారు. గ్రూపువాళ్లు వచ్చే వేసవిలో మహారాష్ట్రలోని పులుల అడవి తడోబాకి వెళ్తున్నారు, మనిషికి 60 వేలు. పొద్దున్నే చెరువు దగ్గరికి ఒంటరిగా వెళ్లాలంటే భయం. ఆవిడ అడిగింది ఇది: "లెన్స్ అమ్మేయనా, తడోబా వెళ్లనా, లేక హైదరాబాద్‌లోనే ఏడాది పొడవునా తీయడానికి ఏమైనా ఉంటుందా? అసలు నాలో ఆ ఆసక్తే చచ్చిపోయిందా?"

చివర్లో ఒక చిన్న ప్రశ్న కూడా ఉంది. దాని సంగతి చివర్లోనే చెబుతాను.

*

ముందు తేలిగ్గా విడిపోయే ముడి విప్పేద్దాం. మీ లెన్స్‌కి ఏమీ కాలేదు, మీ చేతికీ ఏమీ కాలేదు. ఎండాకాలం నేల కాగితే దాని మీది గాలి కూడా కాగుతుంది. ఆ గాలి ఒకే వేడిలో ఉండదు, పొరలు పొరలుగా కదులుతూ వెలుగుని వంచుతుంటుంది. రోడ్డు మీద నీళ్లున్నట్టు కనిపించే ఎండమావికీ కారణం ఇదే. 600 దగ్గర పెట్టి దూరంగా ఉన్న పిట్టను దగ్గరికి లాగినప్పుడు మధ్యలో ఉన్న ఆ గాలి వణుకుని కూడా లాగుతున్నారు. ట్రైపాడ్ వేసినా, షటర్ స్పీడ్ పెంచినా అది పోదు. పొద్దున ఏడున్నర లోపు తీయాలి, లేదంటే దగ్గర్లో ఉన్నదాన్ని తీయాలి. మీరు తొమ్మిదింటికి కాంక్రీటు కట్ట మీద నిలబడి అవతలి ఒడ్డున ఉన్న కొంగను తీశానని రాశారు. అది ఎవరు తీసినా మసకగానే వస్తుంది. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే మీకు సర్వీసు ఖర్చు తప్పేది.

ఇక అసలు ముడి. మీ ఉత్తరంలో నాలుగో పేజీలో, తడోబా ఖర్చుకీ అత్తగారి మాటకీ మధ్యలో, "అన్నట్టు" అని మొదలుపెట్టి నాలుగు లైన్లు రాశారు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ కంచె చెట్లలో పిగిలిపిట్ట (బుల్‌బుల్) గూడు దొరికింది. ఫోటోకి అడ్డం వస్తున్నాయని ఒకరు మూడు కొమ్మలు కత్తిరించారు. మీరు ఏమీ అనలేదు. మీరూ ఫోటో తీశారు. ఆ వారం గ్రూపులో ఎక్కువ మెచ్చుకున్నది మీ ఫోటోనే. రెండు రోజుల తర్వాత మీరొక్కరే వెళ్లి చూస్తే గూడు ఖాళీగా ఉంది. అక్కడితో ఆ సంగతి ఆపేసి మళ్లీ లెన్స్ ధరల్లోకి వెళ్లిపోయారు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆసక్తి పోయి "ఏడాది పైగా" అయిందన్నారు. గూడు ఖాళీ అయ్యిందీ ఏడాది పైనే. మీకు తీయడానికి ఏమీ దొరక్కపోవడం కన్నా, కెమెరా ఎత్తాలంటే చెయ్యి రాకపోవడం అసలు సంగతి అని నాకు అనిపిస్తోంది. పొరపాటు పడుతుంటే చెప్పండి.

మీ తప్పేం లేదు అని ఓదార్చను. అలాగే ఆ గూట్లోని పిల్లలు మీ వల్లే చచ్చిపోయాయనీ అనను. కాకి, జెముడుకాకి, పాము, తొండ, పిల్లి, ఇన్నింటిని దాటుకుని పెరగాలి ఒక పిగిలిపిట్ట పిల్ల. ఎవరూ ముట్టుకోని గూళ్లు కూడా బోలెడు ఖాళీ అవుతాయి. కానీ ఏప్రిల్ ఎండలో నీడ తీసేయడం, కాకి కంటికి దారి తెరవడం మాత్రం నిజంగా హానే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా ఉంది. మీ గ్రూపులో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అడిగి చూడండి.

దీనికి మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆ ఫోటోని తీసేసి ఊరుకోవచ్చు. తేలికైన పనే, అయితే తీసేసిన ఫోటో మీకే గుర్తుంటుంది. లేదా ఆ ఫోటో కిందే, గూడు రెండు రోజులకే ఖాళీ అయ్యిందని రాయవచ్చు. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు, "మేము కొమ్మలు కత్తిరించాం" అంటే చాలు. అలా రాస్తే కొందరు మీతో మాట్లాడ్డం మానేస్తారు, చెరువుకి తీసుకెళ్లే కారు కూడా మానేయొచ్చు. కొందరు విడిగా మెసేజ్ పెట్టి, మాకూ అదే బాధగా ఉంది అంటారు. ఆ రెండో రకం వాళ్లు ఇద్దరు దొరికినా మీకు కొత్త గ్రూపు దొరికినట్టే. మూడోది, చప్పుడు చేయకుండా బయటికి వచ్చేయడం. ఒంటరిగా తిరగడానికి భయం అంటున్నారు కాబట్టి, తోడు చూసుకోకుండా ఆ పని చేస్తే మీ కెమెరా పూర్తిగా బీరువాలోకే పోతుందని నా భయం.

ఇప్పుడు అమ్మకం. అమ్మేయడం ఓటమి ఏమీ కాదు. చాలామంది అమ్మారు, హాయిగా ఉన్నారు. అయితే వాడిన లెన్స్‌కి కొన్న ధరలో ఎంత తిరిగొస్తుందో ముందు ఒకటి రెండు షాపుల్లో అడగండి. ఆ అంకె వినగానే మీకు "పోనీలే వచ్చిందే చాలు" అనిపిస్తే అమ్మేయండి. "ఇంతేనా" అని కడుపులో కలుక్కుమంటే మీకు ఇంకా అమ్మాలని లేదన్నమాట. మీ ఆయన మాటలో కోపం ఉందని నాకు అనిపించలేదు. ఆయన వాడడం లేదు అన్నారు, వాడొద్దు అనలేదు. రెండింటికీ చాలా తేడా ఉంది.

తడోబాకి నేను వ్యతిరేకం కాదు. వేసవిలో నీళ్లు తగ్గి పులులు గుంటల దగ్గరికి వస్తాయి కాబట్టి చూసే అవకాశం ఎక్కువే. వెళ్లండి, పులిని చూడటం ఎవరికైనా ఒళ్లు జలదరించే సంగతే. కానీ ఒక్క పులి చుట్టూ పది జీపులు ఆగుతాయి, పది జీపుల్లోనూ ఒకే ఫోటో పడుతుంది. నాలుగు రోజుల తర్వాత మియాపూర్‌కే తిరిగొస్తారు, అప్పుడు కూడా ఎండాకాలమే. మీరు అడిగిన ప్రశ్నకి ఆ 60 వేలు జవాబు చెప్పవు. వెళ్లినా పులి కోసం వెళ్లండి, ఆసక్తి తిరిగొస్తుందని మాత్రం వెళ్లకండి.

ఇక మిగిలింది, హైదరాబాద్‌లో ఏడాది పొడవునా ఏముంటుంది అన్నది. ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను, క్షమించాలి.

మీ గ్రూపుకి ఏడాది అంటే రెండు ముక్కలు: సీజన్, ఆఫ్ సీజన్. మన రైతులకి ఏడాది 27 ముక్కలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. ఇంట్లో గోడకి తెలుగు క్యాలెండర్ ఉంటే అందులో అన్నీ ఉంటాయి. వానలకీ విత్తనాలకీ పెట్టుకున్న ఈ లెక్క ఫోటోలకి ఇంత బాగా పనికొస్తుందని నాకు చాలా ఏళ్లు తెలియలేదు. రెండు వారాలు అన్నది సరైన కొలత. నెల అంటే ఎక్కువ, వారం అంటే సెలవు దొరక్కపోవచ్చు. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది, పేజీకి ఒక కార్తె పేరు. ఆ రెండు వారాల్లో ఏం పూసింది, ఏం అరిచింది, ఏం కనపడకుండా పోయింది, రెండేసి లైన్లు. మొదటి ఏడాది అది ఉత్త చిట్టా. రెండో ఏడాది నుంచి ఎక్కడికి వెళ్లాలో అదే చెప్పడం మొదలుపెట్టింది.

మీరు బీరువాకి తాళం వేసే సమయానికి, అంటే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో, శతభిషం, పూర్వాభాద్ర కార్తెల్లో మోదుగ పూస్తుంది. చెట్టుకి ఆకు ఉండదు, కొమ్మ కొమ్మకీ నిప్పే. వికారాబాద్ దారిలో, అనంతగిరి వైపు వెళ్తే కారు ఆపకుండా ఉండలేరు. ఆ పూల తేనె కోసం గోరింకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు తోసుకుంటాయి. చలికాలానికి వచ్చిన గులాబి గోరింకలు వెళ్లిపోయే ముందు గుంపులుగా వాలేదీ ఇలాంటి చెట్ల మీదే. అక్కడ ఒక చెట్టు కింద స్టూల్ వేసుకుని కూర్చుంటే పిట్టలే మీ దగ్గరికి వస్తాయి, 600 అక్కర్లేదు. ఉగాది నాటికి కానుగ చిగురు. ఎండకి ఎదురుగా నిలబడి, ఆకు వెనక నుంచి వెలుగు వచ్చేలా తీయండి. మధ్యాహ్నం కూడా తీయగలిగిన అరుదైన వాటిలో అదొకటి. భరణి వచ్చేసరికి రేల పూలు పసుపుపచ్చగా వేలాడతాయి, తురాయి ఎర్రగా విరబూస్తుంది. తురాయి మన చెట్టు కాదు, మడగాస్కర్ నుంచి వచ్చింది, కానీ హైదరాబాద్ మే నెలని అది లేకుండా ఊహించుకోలేం.

ఆ ఎండల్లోనే తీతువు పిట్ట బోడి నేల మీద, రాళ్ల మధ్య, రాళ్లలాంటి గుడ్లు పెడుతుంది. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. ఇది చూడ్డానికి మీ పెద్ద లెన్స్ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే దూరం నుంచే చూడాలి. పిట్ట లేచి అరుస్తోందంటే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం. వెంటనే వెనక్కి వచ్చేయండి. ఆ ఎండలో తల్లి కాసేపు లేకపోతే గుడ్లకి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రెండు వారాలూ నేను పెద్దగా బయటికి వెళ్లను, మీరూ వెళ్లకండి. మీ అత్తగారి మాట ఆ రెండు వారాలకి నూటికి నూరుపాళ్లు కరెక్టు. మీ మొదటి ఏడాది తొండని మళ్లీ పలకరించండి చాలు. జత కోసం వెతికే మగ తొండకి ఈ రోజుల్లో తల, గొంతు ఎర్రబడతాయి. గోడ మీద దండీలు తీస్తూ దొరుకుతుంది.

మీరు ఉత్తరం రాసింది మృగశిరలో. ఇది చదివేటప్పటికి ఆరుద్ర (జూన్ చివర, జులై మొదట్లో) నడుస్తుంటుంది. కాంక్రీటు వేయని నేల, ఇసక కలిసిన ఎర్రమట్టి ఎక్కడుందో వెతకండి. మంచి వాన పడ్డ మర్నాడు పొద్దున చూడండి, ఎర్ర ముఖమల్ ముక్కలు నడుస్తున్నట్టు ఆరుద్ర పురుగులు. పేరుకే పురుగు. ఎనిమిది కాళ్లు, సాలీడుకి చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోనే ఉండి ఈ కొన్ని రోజులే పైకి వస్తుంది. మా చిన్నప్పుడు అగ్గిపెట్టెలో వేసుకుని బడికి తీసుకెళ్లేవాళ్లం. చెడ్డ అలవాటు, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఫోటో తీయాలంటే నేల మీద పడుకోవాలి, మోచేతులకి మట్టి అంటాలి. పైనుంచి తీస్తే కుంకుమ చుక్కలా ఉంటుంది. దాని కంటి ఎత్తులోకి దిగితే అది గడ్డిపోచ ఎక్కుతున్న బరువైన జంతువు. దీనికి చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ కావాలి, కానీ ఇప్పుడే కొనకండి. హైదరాబాద్‌లో లెన్సులు రోజు అద్దెకి దొరుకుతాయి, ఒక శని ఆదివారాలకి తెచ్చుకుని చూడండి. నచ్చకపోతే పోయేది అద్దె డబ్బే. నచ్చితే, పెద్ద లెన్స్ అమ్మి ఇది కొనడం అనే దారి కూడా ఒకటి ఉంది. అప్పుడు చలికాలపు బాతులు మీకు దూరమవుతాయి. ఆ లెక్క మీరే వేసుకోవాలి.

వానాకాలం వెలుగు గురించి భయపడకండి. మబ్బు అంటే ఆకాశమంత తెల్లటి గొడుగు, నీడలు మెత్తబడతాయి, ఆకుపచ్చ నిండుగా వస్తుంది. తడి ఆకుల మీద మెరుపు ఎక్కువైతే దాన్ని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ పెట్టి తిప్పండి. ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది, బ్యాగుతో పాటు అరగంట బాల్కనీలో ఉంచి తర్వాత తీయండి. బీరువాలో పెట్టడం అయితే వానాకాలంలో మరీ ప్రమాదం. గాలి ఆడని తేమలో అద్దాలకి ఫంగస్ పడుతుంది. తేమ పీల్చే సిలికా జెల్ వేసిన మూత గట్టి డబ్బాలో పెట్టండి.

జులై, ఆగస్టుల్లో గిజిగాడు. ఈత చెట్టో తుమ్మ చెట్టో నీళ్ల మీదికి వంగి ఉన్నచోట వెతకండి. మిగతా ఏడాదంతా పిచ్చుకలా ఉండే మగ పిట్ట ఇప్పుడు పసుపు టోపీ పెట్టుకుంటుంది. సగం గూడు అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితే అప్పుడు కింద గొట్టం అల్లి పూర్తి చేస్తుంది. నచ్చకపోతే వేరే గూడు మొదలు. చెట్టుకి వేలాడే సగం గూళ్లన్నీ పాపం, ఆడపిట్ట కాదన్న పెళ్లి సంబంధాలే. వారానికి రెండుసార్లు అదే చెట్టు దగ్గర, అదే దూరంలో, అదే చోట నిలబడి తీయండి. ఒక గూడు కథ మొత్తం కార్తె, కార్తెన్నరలో మీ దగ్గరకి చేరుతుంది. ఇక్కడ కూడా కొమ్మ ముట్టుకోవద్దని మీకు చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

బతుకమ్మ ముందు ఊరి అంచుల్లో గునుగు, తంగేడు విరగబూస్తాయి, వాటి మీద తూనీగలు. అదయ్యేసరికి మీకు తెలిసిన చలికాలం వచ్చేస్తుంది, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్కటి తప్ప. సంక్రాంతి అయిపోయాక చెట్లకి వేలాడే గాలిపటాల మాంజా దారం కూడా ఈ ఊరి రుతువుల్లో ఒకటే. అందంగా ఉండదు, ఎవరూ లైక్ కొట్టరు. అయినా ఎవరో ఒకరు తీయాలి.

ఇక ఒంటరిగా వెళ్లాలంటే ఉన్న భయం గురించి. "ధైర్యంగా వెళ్లండి" అని కాగితం మీద రాయడం తేలిక, తెల్లవారుజామున నిర్మానుష్యంగా ఉన్న చెరువు కట్ట మీద కెమెరా మెడలో వేసుకుని నిలబడేది మీరు. కాబట్టి ఆ సలహా ఇవ్వను. పొద్దున్నే జనం నడకకి వచ్చే చోట్లు ఎంచుకోండి. మీకు కొత్తగూడలోని బొటానికల్ గార్డెన్ దగ్గర. కాస్త దూరమైనా జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు ఉంది, నెమళ్లు ఉంటాయి. కెమెరాకి అనుమతి, టికెట్ సంగతి గేటు దగ్గర ముందే కనుక్కోండి. అమీన్‌పూర్ చెరువుకి మాత్రం ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు మీ ఇంటికి అంత దగ్గర్లో ఉంది, దాన్ని గ్రూపుకి వదిలేయొద్దు. మీ అపార్ట్‌మెంట్లో రోజూ వాకింగ్‌కి వెళ్లే ఆడవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకి పిట్టల పేర్లు తెలియక్కర్లేదు. నిజానికి తెలియనివాళ్లతో వెళ్తేనే మంచిది, "ఇది కామనే కదా" అని ఎవరూ మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లరు.

ఇవన్నీ చేయాలని కాదు. 27 కార్తెల్లో ఏడెనిమిది కుదిరినా నోట్‌బుక్ నిండుతుంది. ఏదీ కుదరకపోయినా ఫర్వాలేదు. కొన్నాళ్లు కెమెరా లేకుండా నోట్‌బుక్ మాత్రమే పట్టుకుని తిరగడం కూడా ఒక దారే. ఆ గూడు సంగతి మనసులోంచి దిగేదాకా నేనైతే అదే చేసేవాణ్ణి. కానీ నా స్వభావం వేరు, మీది వేరు.

చివర్లో మీరు అడిగింది: బాచుపల్లి దారిలో గేదెల కొట్టం దగ్గర తల, మెడ నారింజ రంగులో ఉన్న తెల్ల కొంగను చూసి ఫోన్లో తీశారు, గ్రూపులో పెడితే ఎవరూ పట్టించుకోలేదు, ఏదైనా అరుదైన పక్షా అని. అది పసుల కొంగ. మీరు చలికాలమంతా పక్కనుంచి నడిచిపోయిన ఆ తెల్ల కొంగే. గూడు కట్టే రోజుల్లో ఇలా రంగు వేసుకుంటుంది, తర్వాత మళ్లీ తెల్లబడిపోతుంది. ఆరుద్రలో ఒకసారి, ఆశ్లేషలో (ఆగస్టు మొదట్లో) ఒకసారి, హస్తలో (సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో) ఒకసారి అదే కొట్టం దగ్గరికి వెళ్లి, అదే ఫోన్‌తో తీయండి. హస్తలో నారింజ ఇంకా ఎంత మిగిలిందో నాకు రాయండి.